గురువారం ఆడవాళ్లు

మా అత్త రొసల్బాకి ఎవరి మీదైనా కోపం వస్తే అరవదు, తిట్టదు. మోకరిస్తుంది. మా కొండ ఊరు పియెద్రాల్తాలో ఆ సంగతి అందరికంటే ముందు తెలిసింది నాకే, ఎందుకంటే ఆ ఇంటి కోడలిని నేనే. నా మొగుడు హెర్నాన్ కొండచరియ విరిగి మీద పడి పోయినప్పుడు, శవం ఇంకా ఇంట్లో ఉండగానే, "ప్రభువా, ఈ అమ్మాయికి వాణ్ణి తొందరగా మరిచిపోయే శక్తి ఇయ్యి" అని నలుగురిలో పైకి ప్రార్థించింది. వచ్చినవాళ్లంతా ఆమె మంచి మనసుకి కళ్లు తుడుచుకున్నారు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

ఇంటి పైన కొండవాలు మీద ఉన్న కాఫీ తోటలో సగం హెర్నాన్‌ది, సగం మా బావగారు అర్నుల్ఫోది. హెర్నాన్ పోయాక ఆ సగం నాకూ, నా కూతురు లుజ్ దారీకీ. కాగితాలు లేవు, ఇంట్లో మాట అది. నేను ఇంకో పెళ్లి చేసుకునో, చెడిపోయో గడప దాటితే తప్ప ఆ సగం తిరిగి వాళ్ల చేతికి రాదు. పెళ్లి చేసుకోనని నేను ముందే చెప్పేశాను. ఇక మా అత్తకి మిగిలింది రెండోదే.

ఆ ఏడు అక్టోబరులో పెద్ద కోత మొదలయ్యే వేళకే మా ఊరి గుడికి కొత్త ఫాదర్ వచ్చారు. పేరు ఎవెలియో. సముద్రం వైపు మనిషి, నల్లగా, పొడుగ్గా, నవ్వితే గుడి పైకప్పు మీది పావురాలు లేచేవి. మా కొండ మనుషులకి గురువంటే తెల్లగా, సన్నగా, మెల్లగా దగ్గుతూ ఉండాలి. ఈయన్ని చూసి మా ఆడవాళ్లు మొదటి రోజే మొహాలు ముడుచుకున్నారు.

ఆ మొదటి ఆదివారమే ఆయన ఒక పొరపాటు చేశారు. ప్రసంగంలో తన సంగతి చెప్పుకున్నారు.

"మా అమ్మ బతికున్నన్నాళ్లూ రోజూ తెల్లారగట్ల నా పేరు పెట్టి జపమాల చెప్పేది," అన్నారు. "ఈస్టరుకి ముందు పోయింది. అప్పట్నించీ వీపు మీద దుప్పటి జారిపోయినట్టు చలిగా ఉంటోంది నాకు. గురువంటే దేవదూత కాదమ్మా. భయపడతాడు, విసుక్కుంటాడు, కొన్నాళ్లు దేవుడు ఉన్నాడా అని కూడా అనుకుంటాడు. మీరు నాకోసం ప్రార్థించకపోతే నేను నిలబడలేను. ఊరికే గురువులందరి కోసం అనొద్దు. నా పేరు పెట్టి అడగండి."

నాకు ఏడుపొచ్చింది. ఏ ఫాదరూ అంతకుముందు మా దగ్గర చెయ్యి చాచలేదు. ఆయన అన్నది నిజమని ఇప్పటికీ నేను నమ్ముతాను. మన ఇళ్లలో కుళ్లంతా తట్టలకెత్తి తీసుకెళ్లి ఆ పాపసంకీర్తన పెట్టెలో వాళ్ల చెవుల్లో ఒంపి వస్తాం. వాళ్లది ఎవరు మోస్తారు? మనం ప్రార్థించకపోతే ఎవరు ప్రార్థిస్తారు?

గుడి నించి ఇంటికి నడుస్తుంటే మా అత్త అంది, "తనకి బలహీనత ఉందని తన నోటితోనే చెప్పాడు, విన్నావుగా. ఏ బలహీనతో చెప్పలేదు."

"మనిషన్నాక ఏదో ఒకటి ఉంటుంది అత్తమ్మా."

"అందుకే ప్రార్థించాలి," అంది మా అత్త.

మా ఊళ్లో గురువారం ఆడవాళ్లని ఒక జట్టు ఉండేది, ఇప్పటికీ ఉంది. ప్రతి గురువారం మధ్యాహ్నం గుడిలో పీఠం మీద పెట్టిన దివ్యసత్ప్రసాదపు అప్పం ముందు ఒక గంట కూర్చుని గురువుల కోసం ప్రార్థిస్తారు. ఒక్కొక్కరూ ఒక్కో విన్నపం పైకి చెప్తారు, మిగతావాళ్లు "ప్రభువా, మా మొర ఆలకింపుము" అంటారు. దానికి పెద్ద మా అత్తే. అంతవరకూ అక్కడ సగం మంది కునికేవాళ్లు. ఫాదర్ పేరు పెట్టి అడగమన్నాక ఒక్కరూ కునకలేదు.

కోత రోజుల్లో కూలీలు గుడికి దిగిరాలేరు కాబట్టి ఫాదరే వారానికోసారి కొండెక్కి వచ్చేవారు. కాఫీ గింజలు ఆరబోసే మా పెద్ద కళ్లంలో బల్ల వేసి, దాని మీద తెల్లగుడ్డ పరిచి పూజ చేసేవారు. ఎక్కడెక్కడి నించో వచ్చిన కూలీలు బుట్టలు నడుముకి కట్టుకునే నిలబడేవాళ్లు. పూజ అయ్యాక ఆయన మా వంటింట్లోనే భోజనం. నేను కూలీలందరికీ వండుతుండేదాన్ని. పొయ్యి మీద ఎర్ర చిక్కుడు గింజలు, పెనం మీద అరేపాలనే మొక్కజొన్న రొట్టెలు, పెద్ద తపేలాలో బెల్లం నీళ్లు. ఆయన కుర్చీలో కూర్చోమంటే కూర్చోరు. అరటికాయలు తొక్క తీస్తూ, నిలబడే తింటూ, పక్కన మా లుజ్ దారీ చేత పది ఆజ్ఞలూ అప్పజెప్పించుకునేవారు. డిసెంబరులో అమలోద్భవి మాత పండగకి అది మొదటిసారి దివ్యసత్ప్రసాదం తీసుకోవాలి.

"దొంగిలించకు. తర్వాత?"

"అబద్ధ సాక్ష్యం చెప్పకు," అనేది మా అమ్మాయి.

"అది ఎనిమిదోది. చాలామంది ఏడుతోనే ఆపేస్తారు," అని నవ్వేవారు. పక్కనే మా అత్త గింజలు ఒలుస్తూ కూర్చుని తనూ నవ్వేది. ఆయన అక్కడ ఉన్నంతసేపూ మా అత్త ఆ పీట మీద నించి లేచింది లేదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఏం జరిగిందో, ఏం జరగలేదో ఆమెకి నాకు తెలిసినంత బాగా తెలుసు.

ఒక రోజు పూజ మధ్యలో కుండపోతగా వాన. ఆయన పూజ ఆపలేదు. నిలువునా తడిసి, పళ్లు టకటకమంటూ వంటింట్లోకి వచ్చారు. పెట్టెలో హెర్నాన్ చొక్కా ఒకటి ఉంటే తీసిచ్చాను. నీలం గళ్లది. ఆయన కొట్టుగదిలోకి వెళ్లి మార్చుకుని వచ్చారు, చేతులు పొట్టయ్యాయి. కూలీలు ఒకటే నవ్వు. నా మొగుడి చొక్కాలో ఇంకో మనిషి ఊపిరి పీలుస్తుంటే నాకు కళ్లు తిరిగినంత పనయింది, అందుకని మొహం పొయ్యి వైపు తిప్పుకున్నాను. మా అత్త అది చూసింది.

ఆ గురువారం నేను కూడా గుడిలో ఉన్నాను. తన వంతు రాగానే మా అత్త మెల్లగా, గొంతు వణికిస్తూ అంది, "మా ఫాదర్ ఎవెలియో కోసం. పరాయి మగవాడి బట్టలు తొడుక్కోవాల్సిన అవసరం ఆయనకి ఇంకెప్పుడూ రాకూడదని, ప్రభువుని ప్రార్థిద్దాం."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అందరికీ అర్థమయింది. "ప్రభువా, మా మొర ఆలకింపుము" అని గుడంతా మోగిపోయింది.

బయటికొచ్చాక చెయ్యి పట్టుకుని అడిగాను, ఏంటత్తమ్మా ఆ మాట అని. "నేనెవర్నీ ఏమీ అనలేదే. ఫాదర్‌కి జలుబు చేయకూడదని అడిగాను. నీకెందుకు ఉలుకు?" అంది. నిజమే, ఏమీ అనలేదు. అనివుంటే జుట్టు పట్టుకునేదాన్ని.

ఆ వారం ఉప్పు కోసం దుకాణానికి వెళ్తే, కొట్టు నడిపే ఫాబియోలా పొట్లం కడుతూ, "ఫాదర్‌కి చొక్కా కొలత ఎంతమ్మా? నీకైతే తెలిసుంటుంది" అంది. పక్కన నిలబడ్డవాళ్లు పప్పుల బస్తాల వైపు చూస్తూ నవ్వాపుకున్నారు. నేను ఉప్పు అక్కడే పడేసి వచ్చేశాను. అదీ తప్పే అయింది, కోపం ఎందుకొచ్చిందట అని.

తర్వాత గురువారం, ఆయన్ని "చీకటి కొట్టుగదుల నించి" కాపాడమని అడిగారు. ఆ పై గురువారం "దిక్కులేని ఆడదాని కన్నీళ్ల నించి". విన్నపం చెప్పేది ఒక్కోసారి ఒక్కొక్కరు. మా అత్త నోరు విప్పనే అక్కర్లేదు, దారి చూపించి వదిలేసింది. నిప్పు లేనిదే పొగ రాదంటారు. పొగ ఎవరు వేస్తున్నారో చూడరు.

నేను ఉండబట్టలేక పట్టపగలు, గుడి ముందు జనం ఉండగానే వెళ్లి ఆయన్ని పట్టుకున్నాను. తలుపు బార్లా తెరిచే ఉంచమన్నాను. ఆయన దీపం గాజులు తుడుస్తున్నారు. మొహం పీక్కుపోయింది.

"వాళ్లని ఆపండి ఫాదర్."

"ఏమని ఆపను ఒమైరా? నాకోసం ప్రార్థించొద్దని చెప్పనా?"

"అది ప్రార్థనా? మీ గొంతు కోస్తున్నారు. నా గొంతూ."

ఆయన గుడ్డ పక్కన పెట్టారు. "అడిగింది నేనే. అడుక్కున్నవాడు, పెట్టిన దాంట్లో రాళ్లున్నాయని గొడవపడతాడా? దేవుడి దగ్గర జల్లెడ ఉంటుందిలే."

"దేవుడి దగ్గరుంటుంది. ఊళ్లో లేదు," అన్నాను.

ఆయన గుడ్డ మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. ఇక కళ్లానికి రానని, అలాగైతే నా మీద మాట పడదని చెప్పారు. పిచ్చి మనిషి. ఆయన రావడం మానేసిన వారమే గురువారం ఆడవాళ్లు కృతజ్ఞతా స్తోత్రం చెప్పారు, మా ఫాదర్‌ని శోధన నించి దూరం చేసినందుకు స్తోత్రం ప్రభువా అని. వస్తే ఒక పాపం, రాకపోతే ఒప్పుకోలు. మా లుజ్ దారీ మాత్రం అరేపాలు కాలుతున్న వాసనకి బయటికి పరిగెత్తి, కొండ దారి చూసి లోపలికొచ్చేది.

నవంబరు చివర్లో ఈ గుసగుసలు చెవిన పడి, బిషప్పు గారు విచారించమని ఒక పెద్ద ఫాదర్‌ని పంపారు. ముసలాయన, చెవి కొంచెం దూరం. గుడి పక్క గదిలో కూర్చుని గురువారం ఆడవాళ్లని పిలిచి అడిగారట, మీ ఫిర్యాదు ఏమిటి అని. మా అత్త ఆ కబురు ఇంటికొచ్చి అర్నుల్ఫో బావగారికి చెప్తుంటే నేను విన్నాను.

"ఫిర్యాదు ఏమీ లేదండీ అని చెప్పాను. మా ఫాదర్ అంటే మాకు ప్రాణం. ఆయన కోసం ప్రార్థిస్తున్నాం, అంతే."

"ఏమన్నాడు?"

"ఇంతమంది ఇంతగా ప్రార్థిస్తున్నారంటే ఏదో ఉండే ఉంటుందన్నాడు. ఆ అమ్మాయిని పిలవనా అన్నాడు. ఎందుకండీ పాపం, దాన్ని రచ్చకీడ్చడం అన్నాను."

అలా నన్నడగలేదు. ఏమీ లేని చోట ఏమీ లేదని చెప్పడానికి ఎవరికీ అవకాశమే రాలేదు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి ఆయన కాదనడానికి కూడా లేదు. పెద్ద ఫాదర్ ఆదివారం పూజ అయ్యాక వెళ్లిపోతారని తెలిసి, ఆ పూజలోనే చెప్పాలని నిర్ణయించుకున్నాను.

మా గుడిలో ఆదివారం విశ్వాసుల విన్నపాల దగ్గర, రాసుకొచ్చినవి చదివాక ఎవరైనా లేచి తమ విన్నపం చెప్పుకోవచ్చు. వాన కోసం, పురిటి కోసం, తప్పిపోయిన గాడిద కోసం కూడా చెప్పుకుంటారు. ఎంత చిన్నదైనా గుడంతా బదులు పలకడం ఆనవాయితీ. గాడిద కోసం కూడా పలికారు. పెద్ద ఫాదర్ పీఠం పక్కన కూర్చున్నారు. నేను లేచాను. లుజ్ దారీ నా పావడా పట్టుకుంది, విడిపించుకున్నాను.

"మా ఫాదర్ ఎవెలియో కోసం," అన్నాను. "మా ఇంట్లో ఆయన భోంచేశారు. వానకి తడిస్తే చొక్కా మార్చుకున్నారు. ఇంకేమీ జరగలేదు. ప్రార్థన పేరు పెట్టి ఆయన్ని చంపుతున్న నోళ్లని దేవుడు మూయించాలని, ప్రభువుని ప్రార్థిద్దాం."

ఎవరూ పలకలేదు.

మా అత్త కళ్లు మూసుకుని జపమాల పూస తిప్పుతోంది. ఫాబియోలా నేల చూస్తోంది. ఫాదర్ కళ్లానికి రావడం మానేశాక ఆ ఆదివారం పూజకి కొండ దిగొచ్చి వెనక నిలబడ్డ కూలీలు, ఆయన నవ్వుకి నవ్విన కూలీలు, టోపీలు చేతుల్లో నలుపుతున్నారు, బావగారి మేస్త్రీ ఏమనుకుంటాడోనని. నేను కూర్చోలేదు. నా మోకాళ్లు వంగలేదు. ఒక్క నోరు, ఒక్క నోరు కదిలినా చాలని చూస్తున్నాను.

అప్పుడు పీఠం దగ్గర నించి ఆయన పలికారు. నన్ను చూస్తూ, నిదానంగా, ఒక్కో మాటా పూర్తిగా. "ప్రభువా, మా మొర ఆలకింపుము."

నన్ను ఒంటరిగా వదలకూడదని పలికారు, నాకు తెలుసు. అంత మంది ఉన్న గుడిలో నా గొంతూ ఆయన గొంతూ తప్ప ఇంకేం వినపడలేదు. నేనొక మాట అన్నాను, ఆయనొక మాట అన్నారు, పీఠం ముందు, ఊరి సాక్షిగా.

"ఇక పెళ్లి ఉంగరాలే తక్కువ," అని ఫాబియోలా గొణిగింది. గొణిగింది గానీ అందరికీ వినిపించింది. చెవి సరిగా వినపడని పెద్ద ఫాదర్ కూడా తల దించుకున్నారు.

ఆ వారంలోనే బదిలీ వచ్చింది. ఎక్కడో నది మీద, పడవ తప్ప దారి లేని చోటికి. విశ్రాంతి కోసం అన్నారు. గురువారం ఆడవాళ్లు వీడ్కోలు సభ పెట్టి, కేకు కోసి, పూజలో మెడలో వేసుకునే పట్టీకి తామే బంగారు దారంతో పువ్వులు కుట్టి ఇచ్చారు. మా అత్త ఏడ్చింది కూడా. ఆయన అందరికీ దండం పెట్టి, మీ ప్రార్థనలకి కృతజ్ఞుణ్ణి, మానొద్దు అన్నారట. వెటకారంగా అనుంటే బాగుండేది. ఆయనకి అది రాదు. నేను వెళ్లలేదు. వెళ్తే అదొక గురువారానికి సరుకయ్యేది.

ఇంట్లో ఎవరూ గొంతు పెంచలేదు. బావగారు భోజనం మధ్యలో, "నువ్వే ఆలోచించుకో ఒమైరా" అన్నాడు. మా అత్త పద్ధతిగా చెప్పింది.

"పిల్లకి పండగ నాడు సత్ప్రసాదం ఇప్పించాలి. కొత్త ఫాదర్ వస్తాడు, తల్లి గురించి అడుగుతాడు. నువ్వు ఇంట్లో ఉంటే నేనేం చెప్పను? నువ్వు లేకపోతే అది వేరు."

"నా పిల్లని నేను తీసుకునే పోతాను."

"పోవే. ఎక్కడికి? దాన్నడుగు ముందు."

లుజ్ దారీ గోడకి తగిలించిన తెల్ల గౌను కింద నిలబడి ఉంది. నానమ్మ కొత్తగా కుట్టించింది, చేతి తొడుగులతో సహా. అది నన్ను చూసింది, గౌనుని చూసింది. "పండగయ్యాక వస్తానమ్మా," అంది. దానికి ఎనిమిదేళ్లు. దాన్నేం అంటాను? కానీ ఆ రోజు దాన్ని కూడా కొట్టాలనిపించింది.

ఒక మూట, రెండు పావడాలు, హెర్నాన్ ఫోటో పట్టుకుని కొండ దిగాను. మా అత్త గడప దాకా వచ్చి నా నుదుట శిలువ గుర్తు వేసింది. నా సగం తోట మీది పండ్లు ఇంకా ఎర్రగా కొమ్మల మీదే ఉన్నాయి.

బస్సులో సగం రోజు ప్రయాణం చేస్తే గ్వాదువల్. అక్కడ కోత ఆలస్యం, వంటమనిషి కావాలని విన్నాను. తోట యజమాని భార్య దోన్యా బెనిల్దా నా చేతి అరేపా ఒకటి తిని, ఇంకోటి పెట్టమంది. వంటింటి వెనక గది చూపించింది. బడి దగ్గరే ఉంది, కూతురుందన్నావుగా, తెచ్చుకో అంది. గదిలో మంచం ఏ గోడకి వేస్తే ఇద్దరం పడతామో అప్పుడే కొలుచుకున్నాను.

"ఒక్క మాట," అంది ఆమె. "మాది మర్యాదగల ఇల్లు. పనిమనుషుల నడవడి నేనే చూసుకుంటాను. నువ్వు ఏ ఊరి మనిషివో నేనడగను, కానీ నా కళ్ల ముందు మంచిగా ఉండాలి. గురువారం మాతో గుడికి రా."

వెళ్లాను. పదిమంది ఆడవాళ్లు, నల్ల ముసుగులు, మా ఊళ్లో లాంటివే బల్లలు. దోన్యా బెనిల్దా నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుంది. తమ ఊరి ముసలి ఫాదర్ మోకాళ్ల నొప్పుల కోసం అడిగారు. చదువుకుంటున్న కుర్ర గురువుల కోసం అడిగారు. అన్నిటికీ పలికాను, మనస్ఫూర్తిగానే పలికాను. లోపల మాత్రం ఎవెలియో, ఎవెలియో అని ఒక్క పేరే అనుకున్నాను. నది మీద ఆయన వీపుకి ఏదైనా కప్పు స్వామీ అని.

అప్పుడు ముందు వరసలో ఒకామె లేచింది. చుట్టాల పెళ్లికి పియెద్రాల్తా వెళ్లొచ్చిందని తర్వాత తెలిసింది.

"పియెద్రాల్తాలో పడిపోయిన ఫాదర్ కోసం," అంది. "ఆయన్ని పడగొట్టిన ఆ వంటింటి విధవరాలి కోసం. ఆమె ఎక్కడున్నా సిగ్గు తెలుసుకోవాలని. ఆమె నీడ పడకుండా ఆ పసిపిల్లని కాపాడాలని, ప్రభువుని ప్రార్థిద్దాం."

అందరూ పలికారు. నేను పలకలేదు. దోన్యా బెనిల్దా తల తిప్పి నా వైపు చూసింది. కోపంగా కాదు, ఊరికే చూసింది. ముందు వరసలో ఆమె కూడా వెనక్కి తిరగబోతోంది.

"వినపడలేదా అమ్మాయ్?" అంది దోన్యా బెనిల్దా.

"ప్రభువా, మా మొర ఆలకింపుము," అన్నాను. గట్టిగా, అందరికీ వినపడేలా అన్నాను.

ముందు వరసామె సర్దుకుని కూర్చుంది. గంట అయ్యాక గుడి మెట్ల మీద దోన్యా బెనిల్దా నా భుజం తట్టి, నీకు మంచి గొంతుంది, ప్రతి వారం రమ్మంది. పండగ అవగానే వెళ్లి కూతుర్ని తెచ్చుకోమంది.